ఆదివారం అమావాస్య

మా ఇంట్లో నా కంటే ముందు సముద్రాన్ని చూసిన మనిషి అవ్వ ఒక్కతే. అవ్వంటే నాయనను కన్న తల్లి. ఆమె చూసింది కూడా బస్సు కిటికీలోంచే.

ఆమె పెళ్ళైన కొత్తలో ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి రామేశ్వరానికి యాత్ర బస్సు మాట్లాడుకున్నారట. బస్సు అరవదేశంలోకి దిగాక అవ్వకు నెలసరి వచ్చింది. దాచిపెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ తన వల్ల అందరి యాత్రా చెడిపోతుందని భయపడి తనే చెప్పేసింది. ఆమెను వెనక సీటులో కూర్చోబెట్టి, మూటలన్నీ ఆమె చుట్టూ పేర్చి, మిగిలినవాళ్ళు సముద్రంలో మునగడానికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి తడి చీరలను బస్సు కిటికీ చువ్వలకు కట్టారు. బస్సు కదిలాక ఆ చీరలు గాలికి కొట్టుకుని, తుంపర్లు అవ్వ మొహం మీద పడ్డాయి.

“నాలిక్కి తగిలింది పాపా. ఉప్పగా ఉన్నింది. అదే నా సముద్ర స్నానం,” అని చెప్పి నవ్వేది.

ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. డైరీ రాయడం మొదలుపెట్టిన కొత్తలో, రాసుకోవడానికి నా సంగతులంటూ ఏమీ లేక, అవ్వ కథే రాసుకున్నాను. ఆమె ఎప్పుడూ దాన్ని బాధగా చెప్పలేదు. అందరినీ నవ్వించడానికే చెప్పేది. కాకపోతే చివర్లో ఒక మాట మాత్రం ప్రతిసారీ అనేది. “సచ్చేలోపల ఒక్క మునక మునగల్ల.”

కొత్తచెరువులో నాయనకు బోరు మోటార్ల అంగడి ఉంది. మా అంగడి సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకు కొంచెం మొహమాటంగా ఉంటుంది. ఎండలు ఎంత ముదిరితే మాకు అంత బేరం. బోర్లలో నీళ్ళు కిందికి దిగేకొద్దీ రైతులకు పెద్ద మోటార్లు కావాలి. ఆ ఏడు ఎండలు బాగా ముదిరాయి. చెట్ల కింద కూడా నీడ లేదని జనం అనుకున్న ఏడాది అది. వేసవి అమ్మకాలు ముగిశాక మోటార్ల కంపెనీవాళ్ళు నాయనకు ఫోన్ చేశారు. మన వైపు డీలర్లందరినీ కుటుంబాలతో సహా చెన్నై దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద రిసార్టుకు తీసుకుపోతున్నాం, బస్సు అనంతపురంలో బయలుదేరుతుంది, శుక్ర, శని, ఆదివారాలు అక్కడే ఉండడం, అన్నారు.

నాయన ఆ మాట చెప్పగానే అవ్వ లేచి గోడమీది క్యాలెండరు దగ్గరికి పోయింది. ఆమెకు అక్షరాలు రావు. కానీ గడుల్లో అచ్చువేసే నల్ల గుండ్రం అమావాస్యకు, తెల్ల గుండ్రం పున్నమికి గుర్తులని తెలుసు. నన్ను పిలిచి ఆ మూడు రోజులూ చూపించమంది. చూపించాను. ఆదివారం గడిలో నల్ల గుండ్రం ఉంది.

“అమావాస్య!” అంది అవ్వ. కంపెనీ పేరు విన్నప్పుడు లేని సంతోషం అప్పుడు కనిపించింది ఆమె మొహంలో.

ఆమె లెక్క ఇది. సముద్రాన్ని మామూలు రోజుల్లో దూరం నుంచి మొక్కాలే గానీ ముట్టకూడదు. అమావాస్య, పున్నమి లాంటి రోజుల్లోనే మునగాలి. రామేశ్వరంలో ఈ పట్టింపు లేదట, అక్కడ ఏ రోజైనా మునగవచ్చట. మిగిలిన చోట్ల మాత్రం ఉంది. ఇది అవ్వకు వాళ్ళ అమ్మ చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పి ఉంటారు. సముద్రానికి ఇంత దూరంలో, మెట్ట భూముల్లో బతికే మనుషులు సముద్రాన్ని ఎప్పుడు ముట్టాలో ఇంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

“దేవుడే కంపెనీ వాళ్ళ చేత తారీకు పెట్టించినాడు,” అంది అవ్వ.

“అత్తా, అది యాత్ర కాదు. కంపెనీ టూరు,” అంది అమ్మ.

“నువ్వు టూరుకు పోమ్మే. నేను యాత్రకు వస్తా. బస్సు ఒగటే గదా!”

ప్రయాణానికి ముందు మా శెనక్కాయ చేనుకు నడిచి వెళ్ళి పిడికెడు ఎర్రమన్ను తెచ్చింది. మునిగే ముందు సముద్రంలో మన్ను వెయ్యాలట. దాన్ని పాత రవికగుడ్డలో మూటకట్టి బొడ్లో దోపుకుంది. ఆ మూట మూడు రోజులూ ఆమె నడుము దగ్గరే ఉంది.

శుక్రవారం పొద్దున బస్సు రిసార్టు ముందు ఆగింది. అంత పెద్ద హోటలు నేను పుస్తకాల్లో చదివి కూడా ఊహించుకోలేదు. ముందు హాలు మా ఊరి బస్టాండు కంటే పెద్దది, బస్టాండు లాగే రద్దీగా ఉంది. ఒకవైపు ఎవరిదో పెళ్ళి బృందం, పట్టుచీరలు, పూలబుట్టలు. మరోవైపు ఏదో మందుల కంపెనీ మనుషులు, మెడలో కార్డులతో. మధ్యలో మేము, టిఫిన్ డబ్బాలతో, దుప్పట్లతో. ఎవరు ఏ భోజనాల హాలుకు పోవాలో తెలియడానికి చేతులకు రంగు కాగితం పట్టీలు కట్టారు. మాది పసుపు రంగు.

“ఆస్పత్రిలో చేర్చుకున్నట్ల కడతాండారే,” అంది అవ్వ గట్టిగా. కట్టే అమ్మాయికి తెలుగు రాక నవ్వింది. చుట్టూ ఉన్న మావాళ్ళకు వచ్చు కాబట్టి పగలబడి నవ్వారు. అందరూ మావైపు తిరిగేసరికి నేను అమ్మ వెనక్కి జరిగాను. ఇరవై రెండేళ్ళ దాన్ని, డిగ్రీ చదివిన దాన్ని. కొత్తవాళ్ళు చూస్తే మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరి వెనక నిలబడతాను.

గది పైఅంతస్తులో. అద్దం తలుపు జరిపితే సముద్రం. అవ్వ చాలాసేపు చేతులు జోడించి నిలబడింది. ఏం మొక్కుకుందో తెలియదు. తర్వాత స్నానాల గదిలోకి పోయి, అంతే వేగంగా బయటికి వచ్చింది.

“పాపా, బకీటు లేదు! చెంబు గూడ లేదు! వీళ్ళు నీళ్ళెట్ల పోసుకుంటారు?”

షవరు చూపించాను. తొట్టి చూపించాను. తొట్టి నచ్చింది ఆమెకు. మా ఇంటికి కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లవారుజామున కాసేపు. గొట్టంలో గురగురమని గాలి శబ్దం వినిపిస్తే చాలు, ఎంత నిద్రలో ఉన్నా అవ్వ లేచి కూర్చుంటుంది. ఇంట్లో గిన్నెలతో సహా నిండాలి. అక్కడ పక్క గదిలో ఎవరో కొళాయి తిప్పినట్టున్నారు. గోడలో శబ్దం వచ్చింది. “నీళ్ళొచ్చినాయి!” అని అవ్వ లోపలికి పరిగెత్తింది. తొట్టి నింపింది. కెటిల్ నింపింది. గాజు గ్లాసులు, మేము తెచ్చుకున్న సీసాలు, చివరికి కొత్తగా మెరుస్తున్న చెత్తబుట్టను కూడా కడిగి నింపింది. అవి మధ్యలో ఆగే నీళ్ళు కావని చెప్పినా వినలేదు. “అన్ని ఊర్లలోనూ అట్లనే చెప్తారు,” అంది.

మధ్యాహ్నం మేము గదిలో ఉండగానే శుభ్రం చేసే ఆమె వచ్చి తొట్టి బిరడా లాగేసింది. నీళ్ళు సుడి తిరుగుతూ పోతున్న చప్పుడుకు అవ్వ లేచింది.

“ఏమమ్మా, నింపిన నీళ్ళను వంపుతావా? చేతులెట్లొచ్చినాయి నీకు?”

ఆమె నవ్వుతూ తన భాషలో ఏదో చెప్పింది. పాటీ అన్న మాట, తణ్ణి అన్న మాట మాత్రం తెలిశాయి. కావలసినన్ని నీళ్ళు వస్తాయి అవ్వా అని కాబోలు. సాయంత్రం అవ్వ బకెట్ కావాలని ఫోన్ చేసి అడగమంది నన్ను. ఫోన్ ఎత్తాను. అటునుంచి తియ్యటి గొంతు ఇంగ్లీషులో పలకరించింది. పెట్టేశాను. ఆ బకెట్ ఏదో నాయనే కిందికి పోయి అడిగితే, మర్నాడు సాయంత్రానికి వచ్చింది. పచ్చ బకెట్, తెల్ల మగ్గు.

ఆ శుక్రవారం సాయంత్రం అందరం సముద్రం దగ్గరికి వెళ్ళాం. స్విమ్మింగ్ పూల్ దాటి, పచ్చగడ్డి దాటి, చిన్న గేటు దాటితే ఇసుక. సముద్రం శాంతంగా ఉంది. మడికి నీళ్ళు కట్టినప్పుడు పారినట్టు మెల్లగా వచ్చేది, మెల్లగా పోయేది. చూస్తుండగానే డీలర్ల కుటుంబాలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, తర్వాత ఒక్కసారిగా కూలబడి నడుము దాకా మునిగింది. మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను చూసింది అప్పుడే.

“ఏమత్తా, రా!” అని పిలిచింది.

“ఈ పొద్దు కాదు,” అంది అవ్వ.

చిలమత్తూరు నుంచి వచ్చిన ఒక డీలరు భార్య మా పక్క సీట్లోనే ప్రయాణం చేసింది. నోరున్న మనిషి. చీరంతా తడుపుకుని మా దగ్గరికి వచ్చింది. “ఏమవ్వా, ఇంత దూరమొచ్చి గట్టున కూచుంటావా? సముద్రానికి నువ్వేమన్న కాపలానా?”

“ఆదివారం మునుగుతాలేమ్మా.”

“ఆదివారం దాకా ఉంటాదో లేదో సముద్రం!”

“యాడికి పోతాదిలే. మన ఊరి చెరువనుకుంటివా ఎండిపోయేకి?”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. 

అవ్వ నా వైపు తిరిగి, “నువ్వు పో పాపా. చిన్నదానివి, నీకేమీ కాదు,” అంది.

“వద్దవ్వా. ఆదివారం నీతోనే మునుగుతా.”

అవ్వ మీద ప్రేమతో అన్నమాటే అది. కానీ పూర్తిగా ప్రేమ కాదు. నాకు ఆ నీళ్ళలోకి పోవాలని ఎంత ఉందో చెప్పలేను. కాలి వేళ్ళు ఇసుకలో కదులుతూనే ఉన్నాయి. కానీ ఒడ్డు నిండా మనుషులు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు. తడిసిన చుడీదార్ ఒంటికి అతుక్కుని, అంతమంది మధ్య నుంచి, ఆ మెరిసే హాలు మీదుగా గది దాకా నడవాలి. ఆ నడక తల్చుకుంటేనే ఒళ్ళు ముడుచుకుపోయింది. అవ్వ పట్టింపు నాకు దొరికిన మంచి చాటు. ఆదివారం అవ్వ పక్కన ఉంటుంది కాబట్టి, ఆమెను పట్టుకున్నట్టు నేనూ దిగిపోవచ్చు, అందరూ అవ్వనే చూస్తారు అనుకున్నాను. చెప్పులు రెండు జతలూ ఒళ్ళో పెట్టుకుని, తెచ్చుకున్న నవల తెరిచాను. ఒక్క పేజీ తిప్పలేదు.

శనివారం పగలంతా నాయనవాళ్ళకు మీటింగు. కొత్త మోటారు ఎంత లోతు నుంచి లాగుతుందో తెర మీద చూపించారట. మేము స్విమ్మింగ్ పూల్ పక్కన గొడుగు కింద కూర్చున్నాం. మీటింగు నుంచి వచ్చిన నాయనను అవ్వ అడిగింది.

“ఒరే, ఈ నీళ్ళు యాడ్నుంచి లాగుతాండారు? బోరా? ఎన్ని ఇంచులు పడినాదంట?”

నాయనకు కూడా అదే కుతూహలం ఉన్నట్టుంది. పోయి ఎవరినో కనుక్కుని వచ్చాడు. “బోరు కాదంటమా. ఈడ బోరేస్తే ఉప్పునీళ్ళంట. అంతా ట్యాంకర్లే. తెల్లారేలోపల వచ్చి పోసి పోతాయంట.”

“ట్యాంకర్లా! సముద్రం పక్కన కూచోని ట్యాంకరు నీళ్ళు కొంటాండారా?” అవ్వకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత నెమ్మదిగా, “అయితే మన మాదిరే,” అంది. ఆ తర్వాత ఆ హోటలు మీద ఆమెకు భయం పోయింది. భోజనాల హాల్లో తనే పళ్ళెం తీసుకుని, రాగి సంగటి ఉందా అని అడిగింది కూడా.

ఆ సాయంత్రం మళ్ళీ ఒడ్డుకు వెళ్ళాం. ముందు రోజు కంటే నీళ్ళు కొంచెం దగ్గరికి వచ్చినట్టు అనిపించింది గానీ, సముద్రం అంతే మెత్తగా ఉంది. అవ్వ ఆ రోజు కూర్చోలేదు. తడి ఇసుక మొదలయ్యే చోట నిలబడింది. నేను పక్కన. ఒక అల మిగిలిన వాటి కంటే కొంచెం పైకి వచ్చింది. నురగ మా పాదాల దాకా వస్తోంది. అవ్వ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నా మోచెయ్యి లాగి, వెనక్కి జరిగింది. నేనూ జరిగాను. జానెడు దూరంలో ఆ నురగ ఆగి, ఇసుకలోకి ఇంకిపోయింది.

“రేపు,” అంది అవ్వ దానితో, ఇంటిముందుకొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు. “రేపొస్తాలే. ఉండు.”

ఆదివారం పొద్దున్నే లేచి అవ్వ అంచు చీర కట్టుకుంది. జుట్టు విప్పుకుంది. పసుపు, కుంకుమ కాగితంలో కట్టుకుంది, మన్ను మూట బొడ్లో ఉందో లేదో తడిమి చూసుకుంది. నేను పాత చుడీదార్ వేసుకున్నాను. డైరీలో ఆ పొద్దున రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: ఈ రోజు ఎవరు చూసినా సరే. టిఫిన్ల తర్వాత బస్సు కదులుతుంది, అప్పటిలోగా వచ్చేయండి అని నాయన చెప్పాడు. అవ్వా నేనూ లిఫ్టులో దిగి, పూల్ దాటి, గడ్డి దాటి వెళ్ళాం. గడ్డి దాటకముందే శబ్దం వినిపించింది. రెండు రోజులుగా విన్న శబ్దం కాదది. రాళ్ళ లారీ బోర్లించినట్టు ఉంది.

గేటుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. అవతల ఎర్ర జెండా. ముందు రోజు మేము నిలబడిన చోటు లేదు. అక్కడంతా తెల్లటి నురగ మరుగుతోంది. గేటు దగ్గర నడివయసు కాపలా మనిషి విజిల్ వేస్తున్నాడు. మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. నెల్లూరు వైపు మనిషట.

“పోకూడదు పెద్దమ్మా. ఈరోజు మూసేసినాం.”

“మూసేదేంది? సముద్రాన్నా?” అంది అవ్వ.

“అమావాస్య కదమ్మా. పోటు ఎక్కువగా ఉండాది. రాత్రి నుంచి అలలు లేస్తా ఉండాయి. పైనుంచి ఆర్డరు.”

“అమావాస్యనే గదప్పా నేనొచ్చింది!”

“అమావాస్య గనకనే మూసినామమ్మా!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఇద్దరూ ఒకే కారణం చెబుతున్నారు. 

“నిన్న రాలేకపోయినారా?” అన్నాడతను చివరికి, నిజంగానే బాధపడుతూ. “నిన్న, మొన్న చెరువు మాదిరి ఉండిందే. పసిబిడ్డల్ని కూడా దింపినాం.”

“నిన్న ముట్టకూడదప్పా,” అంది అవ్వ. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

అమావాస్యకూ పున్నమికీ పోటు పెరుగుతుందని నేను బళ్ళో చదివిన పాఠమే. చంద్రుడి బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ బొమ్మలోని నీళ్ళు, అవ్వ మునగాలనుకున్న నీళ్ళు ఒకటేనని ఆ గేటు దగ్గర నిలబడేదాకా నాకు తట్టలేదు. మాకు నీళ్ళు పెరగడమంటే ఎప్పుడూ మంచి కబురే. ఎక్కువ నీళ్ళు వస్తే తలుపు మూస్తారని మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

నాయన, అమ్మ వెతుక్కుంటూ వచ్చారు. నాయన విషయం విని కాపలా మనిషి భుజం మీద చెయ్యి వేశాడు. “అన్నా, మా అమ్మ పడుచు వయసు నుంచి కాచుకోనుండాది. నేను చెయ్యి పట్టుకుంటా. ఒక్క మునక. ఒక్కటే.” అతను అలల వైపు వేలు చూపించాడు. ఒడ్డున వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాన్ని అల ఎత్తుకుని లోపలికి తీసుకుపోతోంది. కాసేపు కాళ్ళు పైకి కనిపించాయి. తర్వాత కనిపించలేదు. నాయన చెయ్యి తీసేశాడు. ఇంకో ఒడ్డు ఏదైనా ఉందా, ఆటోలో పోయి వస్తాం అన్నాడు. ఈ పక్క అంతా ఇదే పరిస్థితి, అక్కడ పోలీసులుంటారు అన్నాడతను.

అప్పుడు నాయనకు బకెట్ గుర్తొచ్చింది. పైకి పరిగెత్తి ఆ పచ్చ బకెట్ తెచ్చాడు. కాపలా మనిషి కూడా మంచివాడు. తనే తాడు దాటి, అల వెనక్కి పోయే సమయం చూసి ముంచి, నడుము దాకా తడిసి, నిండా తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. నీళ్ళలో ఇసుక తిరుగుతోంది.

“ఇదీ సముద్రమే గదమా. ఈడ్నే పోసుకో. పుణ్యం యాడికీ పోదు,” అన్నాడు నాయన.

అవ్వ బకెట్ వైపు చూసింది.

“పుట్టినప్పట్నుంచి నీళ్ళను కడవలోనే తెచ్చుకోని పోసుకుంటినప్పా. బావి నుంచి మోసినా, బోరింగు నుంచి మోసినా. ఒక్కసారన్నా నీళ్ళు నా దగ్గరికి కాదు, నేనే నీళ్ళలోకి పోవల్ల అనుకున్యా. ఈ బకీటు నాకొద్దు.”

అవ్వ వంగి ఒక వేలు ముంచి నాలుకకు తగిలించుకుంది.

“అదే ఉప్పు,” అంది.

నాయన బకెట్ ఎత్తి గడ్డి పక్కన మోరీ వైపు వంపబోతే గట్టిగా కేక వేసింది. “సముద్రం నీళ్ళు మోరీలో పోస్తావా? యాడ తెచ్చినారో ఆడ్నే పొయ్యండి.” కాపలా మనిషి మళ్ళీ తాడు దాటి వెళ్ళి పోసి వచ్చాడు. మన్ను వేస్తావా అవ్వా, అతని చేతికిస్తే వేస్తాడు అన్నాను. తల అడ్డంగా ఊపింది. మునిగేవాళ్ళే వెయ్యాలట.

బస్సు దగ్గర కంపెనీ మనిషి మైకులో పేర్లు పిలుస్తున్నాడు. అమ్మ తడి చీరలు, రెండు సాయంత్రాలూ నీళ్ళలోకి వెళ్ళినవి, ఇంకా ఆరలేదు. ఏసీ బస్సు, కిటికీలు తెరుచుకోవు. వాటిని పెద్ద ప్లాస్టిక్ సంచిలో కుక్కి ఎక్కడ పెట్టాలా అని అమ్మ చూస్తుంటే, “ఈడ పెట్టు,” అని అవ్వ తన కాళ్ళ దగ్గర చోటు చేసింది. దారి పొడుగునా ఆ సంచి మీద ఒక చెయ్యి ఉంచి కూర్చుంది. చిలమత్తూరు ఆమె కూడా ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. సీటు వెనక నుంచి ఒక జామకాయ ముక్కలు చేసి అవ్వ చేతిలో పెట్టింది. నేను నవల తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పాత చుడీదార్ పొడిగా, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది.

మా వీధిలో ఎవరైనా తీర్థానికి పోయి వస్తే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి పలకరించడం మామూలే. మునిగి వచ్చినవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు, వాళ్ళ పుణ్యంలో కొంచెం తమకూ అంటుతుందని. మర్నాడు సాయంత్రం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి అవ్వ ముందు వంగబోయారు. మునిగిందని అమ్మ చెప్పేసేదే. నోరు తెరిచింది కూడా. అవ్వ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“నాకు మొక్కొద్దండమ్మా. నేను మునగలా. అమావాస్యని మూసినారు. మా కోడలికి మొక్కండి, ఆమె రెండుసార్లు మునిగొచ్చె.”

“అయ్యో! మరి ముందు దినమే మునిగేది కాదా?” అంది ఒకామె. “ఎవురు చూస్తారు?”

వాళ్ళు పోయాక అవ్వ బొడ్లోని మూట తీసి విప్పింది. ఎర్రమన్ను అలాగే ఉంది, చెమటకు కొంచెం గడ్డకట్టింది. పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పోసి, గుడ్డ దులిపింది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

“పాపా,” అంది, నా వైపు చూడకుండా. “శనివారం ఆ అల రాలా? మన కాళ్ళ దాకా?”

“వచ్చిందవ్వా.”

“దాన్ని నేను ముడితే తప్పు. అదే వచ్చి నన్ను ముడితే తప్పెవురిది?” చేతులు దులుపుకుంది. “అది వచ్చింది. నేనే ఎనక్కి జరిగితి.”

నేను కూడా ఆమెతో పాటు జరిగినదాన్నే. నా కాళ్ళకు ఏ పట్టింపూ లేదు, అయినా జరిగాను.

తర్వాత నాయన చాలాసార్లు అన్నాడు, పున్నమికి కారు మాట్లాడుకుని పోదామని. పున్నమికీ పోటు ఉంటుందని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఏదో ఒక పున్నమికి నెమ్మదిగా ఉండకపోతుందా అంటాడు. ఒకసారి అంగట్లో పని, ఒకసారి అమ్మకు జ్వరం, తర్వాత అవ్వ మోకాళ్ళు. ఈ ఏడు కంపెనీవాళ్ళు కొండల మీదికి తీసుకుపోతున్నారట. అవ్వ క్యాలెండరు దగ్గరికి పోలేదు. రామేశ్వరం కథ ఇప్పుడు చెప్పదు. ఎవరైనా అడిగితే, “ఆ ముచ్చట పాతదైపోయిందిలే,” అంటుంది.

పోయిన వారం కొళాయి నీళ్ళు వచ్చాయి. ఎందుకో ఆ రోజు ధార ఎక్కువగా ఉంది. నేను డ్రమ్ములో పైపు వేసి వాకిట్లో నిలబడ్డాను. అవ్వ బండ మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఏదో ఆలోచనలో ఉండగానే డ్రమ్ము నిండి, పొర్లి, నీళ్ళు బండల మీదుగా అవ్వ వైపు పారాయి. ముందు సన్నగా, తర్వాత వెడల్పుగా.

“అవ్వా, కాళ్ళు తడుస్తాయి, జరుగు!” అన్నాను.

ఆమె జరగలేదు. చేతిలో గింజ చేతిలోనే ఉంది. నీళ్ళు వచ్చి ఆమె మడమలను చుట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి అవతలికి పోయాయి. చీర అంచు తడిసింది. అలా కాసేపు కాళ్ళ వైపే చూసింది. తర్వాత తలెత్తింది.

“ఏం చూస్తాండావు పాపా? కొళాయి కట్టెయ్. నీళ్ళు పోతాండాయి.”